ఎర్ర దీపం కంటికి ఆనినా.. మనసుకు ఆనదు!

లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్‌ కాచిగూడ దాటితే మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ అంటూ పాతబస్తీ స్టేషన్లు వరుస కడతాయి. 2019 నవంబరు 11 ఉదయం ఆ రైలు కాచిగూడ దాటలేదు. ప్లాట్‌ఫాం నుంచి కదిలిన కాసేపటికే, స్టేషన్‌లోకి వస్తున్న కర్నూలు సిటీ-సికింద్రాబాద్‌ హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొంది. పలువురు ప్రయాణికులు గాయపడ్డారు. క్యాబిన్‌లో ఇరుక్కున్న మోటార్‌మన్‌ను బయటకు తీసేందుకు దాదాపు 8 గంటలు పట్టింది. కొద్ది రోజులకే ఆయన ఆసుపత్రిలో కన్నుమూశారు. సిగ్నల్‌ రాకుండానే రైలు బయలుదేరిందని అధికారులు ప్రాథమికంగా తేల్చారు.

ఆగాల్సిన సిగ్నల్‌ను దాటిపోవడాన్ని రైల్వే పరిభాషలో ‘స్పాడ్‌’ అంటారు. నిర్లక్ష్యమన్న ఒక్క మాటతో దీనిని కొట్టిపారేయడం తేలిక. అసలు చిక్కు అలవాటులో ఉంది.

లోకల్‌ రైలు కదలాలంటే స్టార్టర్‌ సిగ్నల్‌ మారాలి, వెనుక నుంచి గార్డు (2022 నుంచి ట్రైన్‌ మేనేజర్‌) గంట కొట్టాలి. రోజూ స్టేషన్‌ తర్వాత స్టేషన్‌లో ఈ రెండూ జంటగానే జరుగుతుంటాయి. క్రమేణా గంట వినపడగానే చేయి హ్యాండిల్‌ మీదకు పోతుంది. సిగ్నల్‌ చూశాననే అనుకుంటాడు డ్రైవరు. కాచిగూడలో ఇదే జరిగిందని కాదు. గంట విని ఎర్ర దీపాన్ని దాటేయడం బ్రిటన్‌ రైల్వేలకూ పాత తలనొప్పే.

పరుగు మీదున్న రైలుకు రెండు పసుపు దీపాలు, తర్వాత ఒకటి, ఆపై ఎరుపు ఎదురవుతాయి. చాలాసార్లు దగ్గరికెళ్లేసరికి ఎరుపు మారిపోతుంది. ఈసారీ మారుతుందిలే అన్న నమ్మకం బ్రేకును ఆలస్యం చేస్తుంది.

కొంతసేపు డ్రైవరు ఏ మీటనూ కదపకపోతే బజర్‌ మోగించే పరికరం ఇంజిన్‌లో ఉంది. జవాబివ్వకుంటే బ్రేకులు పడతాయి. చిత్రమేమిటంటే, ఆ జవాబూ అలవాటైపోతుంది. అలసిన మనిషి ధ్యాస లేకుండానే మీట నొక్కగలడు. 2012 మే 22న పెనుకొండలో ఆగి ఉన్న గూడ్సును హంపీ ఎక్స్‌ప్రెస్‌ ఢీకొన్నది తెల్లవారకముందే. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. కాచిగూడ ప్రమాదం మాత్రం పట్టపగలు జరిగింది. కాబట్టి నిద్రలేమి ఒక్కటే కారణమనలేం.

సిగ్నల్‌ నిలిపిన చోటు కూడా ముఖ్యమే. 1999లో లండన్‌లోని లాడ్‌బ్రోక్‌ గ్రోవ్‌లో 31 మందిని బలిగొన్న ప్రమాదానికి ముందు ఆరేళ్లలో అదే సిగ్నల్‌ను 8 సార్లు రైళ్లు దాటిపోయాయి. ఎనిమిది మందికీ ఒకే చోట నిర్లక్ష్యం ఆవహించిందంటే నమ్మగలమా?

ఎక్స్‌ప్రెస్‌ రైళ్లలో లోకోపైలట్‌, సహాయకుడు సిగ్నల్‌ రంగును చేయెత్తి చూపుతూ ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకోవాలి. చూసేవారికి నవ్వు రావచ్చుగానీ, అలవాటు మత్తును వదిలించే మందు అదే. లోకల్‌లో మోటార్‌మన్‌ ఒంటరి. అక్కడ ‘కవచ్‌’ అవసరం మరింత ఎక్కువ. డ్రైవరు ఆపకున్నా ఎర్ర సిగ్నల్‌ ముందు రైలును తానే నిలిపే ఈ వ్యవస్థను 2022 మార్చి 4న సికింద్రాబాద్‌ డివిజన్‌లోని గుల్లగూడ-చిట్‌గిడ్డ మధ్య, రైల్వే మంత్రిని ఇంజిన్‌లో ఉంచి పరీక్షించారు. రైలు ఆగింది.