క్రియల చివరి అక్షరములు

తారానగర్ ప్రాంతమున స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు బడిలో కన్నడము, ఇంట తెలుగు మాటలాడుదురు. వారికి తోడి పిల్లల వలన ఎదురగు ప్రశ్న యొకటి కలదు. కన్నడమున స్త్రీ వచ్చినచో ‘బందళు’ అందురు. తెలుగున తల్లి వచ్చినను, ఆవు వచ్చినను ‘వచ్చినది’ యేనా? ఈ మాటకు మన పిల్లలు చిన్నబోవుదురు. అందులకు కారణము లేదు.

క్రియ చివరనుండు అక్షరము సర్వనామపు తోకయే. రాను, రావు, రాఁడు, రాము, రారు అను రూపముల చివర నేను, నీవు, వాఁడు, మేము, వారు తొంగిచూచుచుండును. ‘వచ్చిన’కు ‘అది’ చేరి వచ్చినది. ‘వాఁడు’ చేరి వచ్చినాఁడు. కన్నడ, తమిళముల రీతియు నిదే: అవను – బందను, అవళు – బందళు; అవన్ – వందాన్, అవళ్ – వందాళ్. వారి ‘అవన్’లోని నకారము మనకు లేదనరాదు. మన ప్రాచీన శాసనములలో ‘వాఁడు’కు ‘వాన్ఱు’ అను రూపము కలదు. పిల్లలు విసుగుకొను అరసున్న ఆ నకారపు గుర్తే.

ఇఁక ‘ళు’ సంగతి. గోండి, కోలామి భాషలలోను ఏకవచనమున పురుషుఁ డొక తరగతి, స్త్రీయు తక్కినవియు నొక తరగతి. మూలద్రావిడమున ఉన్న పద్ధతి యిదియే యనియు, ‘అవళ్’ వంటి రూపము తమిళ కన్నడాదుల శాఖలో పిదప కల్గిన దనియు భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో వెలువడిన తమ ద్రావిడభాషా గ్రంథమున నిరూపించిరి. అనగా తెలుగు పోగొట్టుకొన్న దేమియు లేదు. బహువచనమున స్త్రీలు ‘వచ్చిరి’, ఆవులు ‘వచ్చినవి’. తల్లిని గౌరవించి ‘వచ్చినారు’ అనుటయు కలదు.

ఈ భాషల బంధుత్వమును కాల్డ్వెల్ 1856లో విస్తరించి వ్రాసెను. అంతకు నలువదేండ్లు ముందే, 1816లో, ఏ. డి. కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన పీఠికాలేఖలో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ దానిని చూపెను. ఆ కాంబెలే పిమ్మట బళ్లారి కలెక్టరు! 1823లో ఆయన పంపిన నివేదికలో జిల్లా బడులు 533. అందు కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. (అనంతపురము అప్పుడు ఈ జిల్లాలోనిదే, మన సండూరు మాత్రము వేఱు సంస్థానము.)

ఇరుగుపొరుగు భాషల నుండి మాటలు సులభముగా వచ్చును గాని క్రియల చివరలు అంత తేలికగా మారవు. లాటినుకు పుట్టిన రుమేనియను భాష స్లావు భాషల నడుమ పెరిగి వారి మాట లెన్నియో తీసికొనెను. అయినను ‘పాడుదుము’ అనుటకు లాటినున ‘కంతామూస్’, రుమేనియనున ‘కింతమ్’. ఆ మకారము చెక్కుచెదరలేదు.

మన తోకలలో కొన్ని నామవాచకమునకును అంటును: నేను తెలుగువాఁడను, నీవు తెలుగువాఁడవు, మేము తెలుగువారము. నేటి కన్నడమున ‘నాను కన్నడిగ’ అన్న చాలును. దానిని చూచి మన యిండ్లలో పిల్లలు ‘నేను తెలుగువాడు’ అనుచున్నారు. ‘బందళు’ లేదని చింతించుట మాని, జారిపోవుచున్న ఈ ‘ను’ను పెద్దలు అన్నము తినునప్పుడైనను దిద్దుట మేలని మా యభిప్రాయము.