పత్తిగింజలోని పసుపు పదార్థం, రాచపుండు చికిత్స

ఆదోని అనగానే చరిత్రకారునికి సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, 1688లో ఔరంగజేబు సేనలకు లొంగిన కోట స్ఫురిస్తాయి. వర్తకునికి స్ఫురించేది పత్తి. మద్రాసు రాజధాని కాలపు వ్యాపారంలో ఈ నల్లరేగడి పత్తికి 'వెస్టర్న్స్' అనే పేరుండేది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘం నూలుబట్టకు ఖ్యాతి తెచ్చిపెట్టింది. 'కాటన్' అనే ఆంగ్లపదం సైతం అరబ్బీ 'ఖుత్న్' నుండి పుట్టినదే. ఇంత కీర్తి దూదికే దక్కింది. గింజ మాత్రం నూనె మిల్లుకూ, గేదెల తొట్టికీ పోయింది.

ఆ గింజలోని నల్లని చుక్కలవంటి గ్రంథులలో గాసిపాల్ అనే పసుపు పదార్థం ఉంటుంది. పురుగుల నుండి మొక్క తన్ను తాను కాపాడుకొనుటకు తయారుచేసుకొన్న విషమిది. నెమరువేసే పశువులు దీనిని చాలావరకు తట్టుకొంటాయి. కోళ్లు, పందులు తట్టుకోలేవు. మిల్లులో నూనెను క్షారంతో శుద్ధి చేసినపుడు ఇది మడ్డిలోకి పోతుంది. 1899లో మార్క్‌లెవ్‌స్కీ దీనికి పేరు పెట్టగా, 1938లో రోజర్ ఆడమ్స్ దీని నిర్మాణాన్ని తేల్చాడు. శుద్ధిచేయని పత్తినూనె తిన్న చైనా పల్లెలలో సంతానలేమి కనిపించుటచే, 1970లలో అక్కడ ఎనిమిదివేలకు మించిన పురుషులపై దీనిని సంతాన నిరోధక మందుగా పరీక్షించారు. కొందరి రక్తంలో పొటాషియం పడిపోయింది. మరికొందరికి సంతానశక్తి తిరిగి రానేలేదు. పచ్చినూనెను ఔషధమని సేవించేవారు గమనించవలసిన విషయమిది.

కాన్సర్‌కు దీనితో సంబంధమేమిటి? శరీరంలోని ప్రతి కణంలోనూ తన మరణానికి కావలసిన ఏర్పాటు ఉంటుంది. 1972లో కెర్, విల్లీ, కరీ అనే శాస్త్రజ్ఞులు దీనికి 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. ఆకులు రాలుటను సూచించే గ్రీకుపదమది. చెడిన కణం ఈ విధంగా రాలిపోవాలి. కాని అనేక కాన్సర్ కణాలు బి.సి.ఎల్-2 కుటుంబపు రక్షక ప్రొటీనులను మితిమీరి పోగుచేసుకొంటాయి. మరణాన్ని ప్రేరేపించే ప్రొటీనులను ఇవి తమ గాడిలో బంధించి ఉంచుతాయి. గాసిపాల్ ఆ గాడిలోనే దూరుతుంది. అపుడు బందీలు విడుదలై మైటోకాండ్రియా పొరను తూట్లు పొడుస్తాయి. సైటోక్రోమ్-సి బయటకు కారుతుంది. కాస్పేస్ అనే ఎంజైములు కణాన్ని ముక్కలు చేస్తాయి. 2003లో ఈ బంధం సంగతి వెల్లడైంది.

గాజుపాత్రలో కణం చచ్చినంత మాత్రాన రోగి బ్రతికినట్లు కాదు. 1993లో ప్రకటించిన ఒక పరీక్షలో, ముదిరిన అడ్రినల్ కాన్సర్ రోగులకు గాసిపాల్ ఇవ్వగా ముగ్గురిలో గడ్డలు సగానికి మించి తగ్గాయి. ఎక్కువమందిలో వ్యాధి ఆగలేదు. దీని ఎడమచేతి రూపాన్ని డోసిటాక్సెల్‌తో కలిపి ప్రోస్టేట్ కాన్సర్ రోగులకు ఇచ్చిన పరీక్షా ఫలితం 2012లో వెలువడింది. ఆయుర్దాయం పెరగలేదు. మన పెరళ్లలోని బిళ్లగన్నేరు నుండి వచ్చిన విన్‌క్రిస్టిన్ మాత్రం 1960ల నుండి పిల్లల రక్తకాన్సర్‌లో ప్రాణాలు నిలుపుతున్నది. మొక్కలన్నింటికీ ఒకే అదృష్టం పట్టదు.

ఇటువంటి ఓటమిని దాచకుండా చెప్పే సంప్రదాయం పాతదే. రాచపుండును అరబ్బీ వైద్యులు 'సరతాన్', అనగా ఎండ్రకాయ, అన్నారు. కార్డోవా ప్రాంతపు అబుల్ ఖాసిం జహ్రావీ (మరణం సుమారు క్రీ.శ. 1013) పుండు చిన్నదిగా, చేతికి అందేదిగా ఉన్నపుడే కోసివేయమన్నాడు; పెద్దదానిని తాను ఎన్నడూ నయం చేయలేదనీ, చేసినవారిని చూడలేదనీ నిస్సంకోచంగా వ్రాశాడు. అంతటి శస్త్రవైద్యుడు ఆ మాట వ్రాయుటకు ఎంత ధైర్యం కావాలో!

గాసిపాల్ మందు కాలేకపోయినా, అది దూరిన గాడి శాస్త్రజ్ఞుల దృష్టిలో నిలిచింది. బి.సి.ఎల్-2 గాడిలో సరిగా అమరేటట్లు ప్రయోగశాలలో రూపొందించిన వెనెటోక్లాక్స్‌కు 2016లో అమెరికాలో ఆమోదం లభించింది. అది పత్తి నుండి తీసినది కాదు. ఒక రకపు రక్తకాన్సర్ రోగులకు వాడుకలోనికి వచ్చింది.