స్వెన్ క్రామర్

స్వెన్ క్రామర్ (జననం: ఏప్రిల్ 23, 1986) నెదర్లాండ్స్ దేశానికి చెందిన ప్రముఖ స్పీడ్ స్కేటింగ్ క్రీడాకారుడు. మంచుపై దూరపు పరుగులలో ఇతడు దాదాపు పదిహేనేళ్ళపాటు ప్రపంచ అగ్రశ్రేణిలో నిలిచాడు. శీతాకాల ఒలింపిక్ క్రీడలలో 4 స్వర్ణ, 2 రజత, 3 కాంస్య పతకాలు, మొత్తం 9 పతకాలు సాధించాడు. ప్రపంచ ఆల్‌రౌండ్ విజేతగా 9 పర్యాయాలు నిలిచాడు. అయినను 10,000 మీటర్ల ఒలింపిక్ స్వర్ణం మాత్రం ఇతనికి దక్కలేదు.

క్రీడా నేపథ్యం

స్పీడ్ స్కేటింగ్ అనగా ఉక్కు అంచు గల పాదరక్షలు ధరించి మంచుబాటపై వేగంగా జారుతూ సాగే పందెం. బాట చుట్టుకొలత 400 మీటర్లు, అనగా మన మైదానాలలోని పరుగు బాటతో సమానం. ఒక్కో పర్యాయం ఇద్దరు మాత్రమే బరిలో దిగుతారు. గెలుపును నిర్ణయించేది కాలమే. లోపలి వరుస పొడవు తక్కువ గనుక ప్రతి చుట్టులోనూ ఇద్దరూ వరుసలు మార్చుకోవాలి. ఈ నియమం తప్పినవారు పోటీకి అనర్హులవుతారు.

నెదర్లాండ్స్‌లో చలికాలాన కాలువలు గడ్డకట్టినప్పుడు ప్రజలు వాటిపై స్కేటింగ్ చేయడం తరతరాల ఆచారం. ఫ్రీస్‌లాండ్ రాష్ట్రంలోని పదకొండు పట్టణాలను కలుపుతూ సుమారు 200 కిలోమీటర్ల పందెం జరిగేది. మంచు తగినంత మందంగా ఉంటేనే దీనిని నిర్వహిస్తారు. చివరిసారి ఇది 1997లో జరిగింది.

బాల్యం

క్రామర్ ఫ్రీస్‌లాండ్‌లోని హీరెన్‌వీన్ పట్టణంలో జన్మించాడు. అక్కడి థియాల్ఫ్ మంచు క్రీడాంగణం ఈ క్రీడకు ప్రసిద్ధ కేంద్రం. తండ్రి యెప్ క్రామర్ 1980, 1984 ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్న స్కేటర్.

క్రీడా జీవితం

2006 టురిన్ ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లలో రజతం పొందాడు. అక్కడే జట్టు పందెం సెమీఫైనల్‌లో బాట హద్దు దిమ్మెపై కాలు పడి జారిపోవడంతో జట్టు ఫైనల్ అవకాశం కోల్పోయింది. చివరకు కాంస్యం లభించింది. 2007లో రెండు దూరాలలోనూ ప్రపంచ రికార్డులు నెలకొల్పాడు. 10,000 మీటర్లలో 12 నిమిషాల 41.69 సెకన్లు, 5,000 మీటర్లలో 6 నిమిషాల 3.32 సెకన్లు అతని కాలాలు. వీటిని కెనడా పక్షాన ఆడిన టెడ్-యాన్ బ్లూమెన్ వరుసగా 2015, 2017 సంవత్సరాలలో అధిగమించాడు.

వాంకూవర్ సంఘటన

2010 వాంకూవర్‌లో 5,000 మీటర్ల స్వర్ణం గెలిచిన తరువాత, ఫిబ్రవరి 23న 10,000 మీటర్ల పందెంలో క్రామర్ దిగాడు. ఇది 25 చుట్ల పరుగు. చివరి మూడోవంతులో అతడు వెలుపలి వరుసలోకి వెళ్ళబోతుండగా, శిక్షకుడు గెరార్డ్ కెమ్కర్స్ పొరపాటున లోపలి వరుసను సూచించాడు. క్షణంలో క్రామర్ అటు మళ్ళాడు. 12 నిమిషాల 54.50 సెకన్లలో అందరికన్నా ముందు ముగించి, గెలిచానని భావించాడు. అనర్హత సంగతి శిక్షకుని నోటనే విన్నాడు. 12 నిమిషాల 58.55 సెకన్లతో దక్షిణ కొరియాకు చెందిన లీ సుంగ్-హూన్‌కు స్వర్ణం లభించింది.

కెమ్కర్స్ సామాన్యుడు కాడు. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో 5,000 మీటర్ల కాంస్య పతక విజేత. క్రామర్ కోపగించినా అతనిని విడువలేదు. 2014 వరకు అతని శిక్షణలోనే కొనసాగాడు.

తరువాతి విజయాలు

కాలి గాయం కారణంగా 2010-11 సంవత్సరపు పోటీలకు దూరమయ్యాడు. 2014 సోచిలో 5,000 మీటర్లలోను, జట్టు పందెంలోను స్వర్ణాలు గెలిచాడు. 10,000 మీటర్లలో స్వదేశీయుడు యోరిట్ బెర్గ్‌స్మా చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్నాడు. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో 5,000 మీటర్లను 6 నిమిషాల 9.76 సెకన్లలో ముగించి వరుసగా మూడవ స్వర్ణం సాధించాడు. కాని 10,000 మీటర్లలో ఆరవ స్థానం మాత్రమే దక్కింది. ఆ స్వర్ణాన్ని బ్లూమెన్ గెలుచుకున్నాడు. 2022 బీజింగ్ ఒలింపిక్స్ అనంతరం క్రామర్ విరమించాడు.

ఒలింపిక్ పతకాలు

2006 టురిన్: 5,000 మీ. రజతం, జట్టు పందెం కాంస్యం
2010 వాంకూవర్: 5,000 మీ. స్వర్ణం, జట్టు పందెం కాంస్యం
2014 సోచి: 5,000 మీ. స్వర్ణం, జట్టు పందెం స్వర్ణం, 10,000 మీ. రజతం
2018 ప్యాంగ్‌చాంగ్: 5,000 మీ. స్వర్ణం, జట్టు పందెం కాంస్యం

భారతదేశంలో స్కేటింగ్

మన దేశంలో మంచు అరుదు గనుక చక్రాల స్కేటింగే ఎక్కువ. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ కళాత్మక విభాగంలో రెండు కాంస్యాలు పొందాడు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 3,000 మీటర్ల రిలేలో భారత పురుషుల, మహిళల జట్లు కాంస్య పతకాలు గెలిచాయి.