బురదమడిలో జరీచేప

చేపల బజారులో 'బంగారుతీగ' అని అమ్ముతారు, చూసే వుంటారు. పేరులో బంగారం వుందిగాని వొంటిమీద వుండేది మట్టిరంగే. పులుసు పెట్టుకోవాలనిపిస్తుంది తప్ప, కూర్చుని చూడాలని ఎవరికీ తోచదు. పెద్ద హోటళ్ళ కొలనుల్లో ఎరుపూ తెలుపూ మెరుస్తూ తిరిగే జపాను 'కోయ్' చేప దీనికి దగ్గరి చుట్టమే అంటే నమ్మబుద్ధి కాదు. జపానువాళ్ళు దాన్ని నిషికిగోయ్ అంటారు. నిషికి అంటే జరీ నేసిన పట్టు. పట్టుచీర కట్టిన చేప అన్నమాట!

ఆ పట్టుచీర ఏ రాజుగారి కొలనులోనో నేశారనుకుంటాం. కాదు. నీగతా ప్రాంతంలో యమకోషి, ఓజియా చుట్టుపక్కల కొండపల్లెలున్నాయి. కొండవాలున మెట్లుమెట్లుగా వరిమళ్ళు. శీతకాలం వస్తే మూడు నాలుగు మీటర్ల మంచు పడి దారులు మూసుకుపోతాయి. యిక సముద్రపు చేప కొండెక్కేదెలా? అందుకని మళ్ళకి నీరందించే గుంటల్లోనే కూరకోసం చేపలు పెంచుకునేవారు. 1800 తర్వాత మొదటి దశాబ్దాల్లో ఆ కూరచేపల్లో ఎక్కడో ఒకటి ఎర్రమచ్చతో పుట్టింది. ఎవరో దాన్ని కూరలో వెయ్యకుండా విడిగా దాచారు. ఆ ఎవరో పేరు మనదాకా రాలేదు. వండేచోట వుండేది ఆడవాళ్ళే కనుక, కత్తిపీట దగ్గర్నుంచి దాన్ని వెనక్కి తీసింది ఏ యిల్లాలో అయివుంటుందని నా అనుమానం. చరిత్రకారులు ఒప్పుకోకపోతే పోనీండి.

1914లో టోకియోలో జరిగిన ప్రదర్శనకి తీసుకెళ్ళాకగాని యీ చేపల సంగతి దేశానికి సరిగా తెలియలేదు. వంద యేళ్ళు గడిచాక, 2018లో, హిరోషిమాలో ఒక కోయ్ యిరవై కోట్ల యెన్‌లకి పైగా పలికింది. ఒకప్పటి పులుసుముక్క!

యింత ఖరీదైన చేపా పెరిగేది మాత్రం బురదగుంటలోనే. సిమెంటు తొట్టిలో నీళ్ళు అద్దంలా వుంటాయిగాని, అందులో పిల్లచేప తినడానికి ఏముంది? అందుకే నీరు యింకని జిగటమన్ను చూసి, పొలంలో గుంట తవ్వి, చుట్టూ మట్టికట్ట వేస్తారు. మంచు కరిగాక అడుగుమట్టి దున్ని, సున్నం చల్లి, కోళ్ళఎరువు వేసి నీరు పెడతారు. కొన్నాళ్ళకి నీరు పచ్చబడి, కంటికి ఆనీఆనని పురుగులు పుడతాయి. అదే పిల్లలకి ఉగ్గుపాలు. ఆ మట్టిలో పెరిగితేనే వొంటికి నిగారింపు అని పెంచేవాళ్ళ నమ్మకం. వేసవిలో గుంట తోడి పిల్లల్ని ఏరతారు. లక్షల్లో పుట్టినవాటిలో రంగు కుదిరిన కొద్దివాటినే వుంచి, తక్కినవి తీసేస్తారు. అందం కోసం చేసే పనుల్లో దయ తక్కువే. మళ్ళీ మంచు పడకముందే గుంటలు ఖాళీచేసి, చేపల్ని యిళ్ళలోని తొట్లకి తెస్తారు.

మన కొల్లేరు పక్కన వరిపొలాలు కూరచేపల చెరువులయ్యాయి. అక్కడ 1970లో ప్రభుత్వం వరి తగ్గించమన్నప్పుడు చాలా మళ్ళు జరీచేపల గుంటలయ్యాయి.

2004 అక్టోబరు 23. సరిగ్గా చేపలు యిళ్ళకి తెచ్చే కాలం. సాయంత్రం ఆరు కావస్తుండగా భూకంపం వచ్చింది. కొండలు జారాయి. మట్టికట్టలు పగిలి నీరంతా పోయింది. కరెంటు పోయి యిళ్ళలోని తొట్ల పంపులు ఆగిపోయాయి. చేపలు గుట్టలుగా చచ్చాయి. యమకోషి జనం మొత్తం, రెండువేల పైచిలుకు, ఊరు ఖాళీచేసి హెలికాప్టర్లలో వెళ్ళారు. తర్వాత, మిగిలిన చేపల్లో కొన్నింటినీ హెలికాప్టర్లలోనే దించారు. యిల్లు కూలినవాళ్ళు చేపల గురించి అడగటం మనకి వింతగా వుండొచ్చు. కాని తల్లిచేపలు పోతే తాతలనాటినుంచి ఏరుకొచ్చిన రంగులు పోయినట్టే. యిల్లయితే మళ్ళీ కట్టుకోవచ్చు.

తిరిగొచ్చినవాళ్ళు కట్టలు మళ్ళీ వేసుకున్నారు. అందరూ రాలేదు. యిప్పుడు యమకోషిలో వెయ్యిమంది కూడా లేరు, వున్నవాళ్ళలో ముసలివాళ్ళే ఎక్కువ. అయినా ఏటా అక్టోబరు వస్తే బురదలోకి దిగి వలలు లాగుతారు. గట్టుమీద దేశదేశాల బేరగాళ్ళు మెడలు చాచి చూస్తుంటారు.