దుల్హన్ పాషా: చివరి నిజాం మొదటి భార్య

శింగనమల వైపు ముస్లిం ఇళ్లలో 'దుల్హన్' అనగానే పెళ్లికూతురు, కొత్త కోడలు గుర్తొస్తారు. ఆడపిల్ల పెళ్లికి సర్కారు రూ.50 వేలు ఇచ్చిన పథకానికీ అదే పేరు పెట్టారు. హైదరాబాద్ చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి భార్యకు ఆ మాటే జీవితాంతం పేరైపోయింది. దుల్హన్ పాషా బేగం అంటేనే చరిత్రకు తెలుసు. అసలు పేరు ఆజమున్నిసా బేగం. (హైదరాబాద్ నవాబుల ఇళ్లలో 'పాషా' అని ఆడవాళ్లనూ పిలిచేవారు. అది గౌరవ పదం, మగవాళ్లకే పరిమితం కాదు.)

అనంతపురం ప్రాంతాన్ని ఆమె భర్త ఏలలేదు. 1800లోనే అప్పటి నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశారు, 'దత్త మండలాలు' అన్న పేరు అలా వచ్చిందే. అందుకే ఇక్కడి పెద్దలకు నిజాం పేరు తెలిసినంతగా ఆయన ఇంటి సంగతులు తెలియవు.

ఆమె 1889లో పుట్టారు. తండ్రి నవాబ్ జహంగీర్ జంగ్. 1906 ఏప్రిల్ 14న ఈడెన్ బాగ్‌లో పెళ్లి జరిగింది. అప్పటికి ఉస్మాన్ అలీ ఖాన్ ఇంకా యువరాజే. 1907లోనే, పది నెలల తేడాతో, ఇద్దరు కొడుకులు పుట్టారు: ఆజం జా, మొఅజ్జం జా. 1911లో మామగారు మహబూబ్ అలీ ఖాన్ పోయాక భర్త గద్దెనెక్కారు.

ఆ తర్వాత 1948 సెప్టెంబర్ దాకా రాజ్యంలో నిజాం ఫర్మానాదే ఆఖరి మాట. ఇంట్లోనూ అంతే. ఇక్బాల్ బేగంతో మొదలై ఇంకా పెళ్లిళ్లు జరిగాయి, జనానా పెరుగుతూ పోయింది. భార్యల లెక్క, పిల్లల లెక్క ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంటుంది! ఇంతమందిలో ఆయన మనసుకు దగ్గరైన మనిషి భార్యల్లో ఎవరూ కాదు, తల్లి అమతుజ్జహ్రా బేగం. 1941లో ఆమె పోయేదాకా కొడుకు రోజూ వెళ్లి చూసొచ్చేవారు.

పర్దాలోని అత్తగారికి, వచ్చిన కోడళ్లకు ఎంత తేడా! 1931 నవంబర్‌లో ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణంలో పెద్ద కొడుక్కి ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రె షెహ్వార్‌తో, చిన్నవాడికి ఆ వంశపు అమ్మాయే నిలోఫర్‌తో నికాహ్ జరిగింది. ఆ ఇద్దరూ పర్దా వదిలి సభలకు వెళ్లారు, వాళ్ల ఫొటోలు దేశదేశాల పత్రికల్లో వచ్చాయి. హైదరాబాద్‌లో నిలోఫర్ ఆసుపత్రి, దుర్రె షెహ్వార్ ఆసుపత్రి అంటే ఈరోజుకీ ఆటోవాళ్లకు కూడా తెలుసు. దుల్హన్ పాషా బేగం పేరు మాత్రం ఎక్కువగా 'ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి' అన్న వరుసలోనే కనిపిస్తుంది.

తల్లిగా ఆమెకు తగిలిన దెబ్బ వేరే ఉంది. పెద్ద భార్యకు పుట్టిన పెద్ద కొడుకు ఆజం జాకు 1936లో బేరార్ యువరాజు బిరుదు వచ్చింది గానీ, వారసత్వం రాలేదు. అతని ఖర్చుల తీరు నచ్చని నిజాం, కొడుకును దాటేసి మనవడు ముకర్రమ్ జాను వారసుడిగా ఎంచుకున్నారు.

ఆమె 1955లో కన్నుమూశారు. అప్పటికి భర్త హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ మాత్రమే. 1967 ఫిబ్రవరి 24న నిజాం పోయాక, తల్లి సమాధి ఉన్న కింగ్ కోఠి మస్జిదె జూదీలోనే ఆయన్ను ఖననం చేశారు. బిరుదు మాత్రం దుల్హన్ పాషా మనవడికి వెళ్లింది.