కళాశాలల దూరపరీక్ష: పూర్వాపరములు

2004 సెప్టెంబరు 20వ తేదీన నెల్లూరు తీరమునందలి శ్రీహరికోటనుండి ఎడ్యుశాట్ అను ఉపగ్రహము నింగి కెగసెను. విద్యాబోధన కొఱకే మన దేశము నిర్మించిన మొదటి ఉపగ్రహ మది. పాఠమును దూరమునకు పంపవచ్చునని దానివలన రూఢి యైనది. ఆ పాఠము చక్కగా సాగుచున్నదో లేదో దూరమునుండియే తూచి చెప్పవచ్చునా యన్నది వేఱు ప్రశ్న. కళాశాలలకు గుర్తింపు నిచ్చు విధానము నేడు ఈ ప్రశ్న దగ్గఱనే నిలిచియున్నది. ఇది సరిక్రొత్త సమస్య యని కొందఱి తలంపు. చరిత్ర అట్లు చెప్పదు.

1857లో లండను విశ్వవిద్యాలయపు నమూనాపై ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయము పాఠములు చెప్పునది కాదు; పరీక్షలు జరిపి పట్టముల నిచ్చునది. రాజమహేంద్రవరపు కళాశాల దానికి కనబడినది ప్రధానముగా విద్యార్థుల సమాధాన పత్రముల రూపముననే. గ్రంథాలయము కలదా, ప్రయోగశాలలో పరికరములు కలవా అను విషయములను ఆ పత్రములు చెప్పజాలవు. కంఠస్థము చేసినవాడును గ్రహించినవాడును వానియం దొక్కతీరుగనే కనబడుదురు.

1902లో రాలీ అధ్యక్షతన నియమింపబడిన సంఘము ఈ లోపమును పరిశీలించెను. 1904 నాటి విశ్వవిద్యాలయముల చట్టము అనుబంధమునకు ముందు స్థానిక విచారణను, తరువాత అప్పుడప్పుడు తనిఖీని విధించెను. ఉపాధ్యాయుల యోగ్యత, భవనములు, గ్రంథాలయము, ఆర్థికస్థితి, విద్యార్థుల వసతి - అన్నియు చూడవలసినవే యయ్యెను. ప్రభుత్వపు పెత్తనము హెచ్చునని గోఖలే మున్నగువారు ఈ చట్టము నెదిరించిరి. వారి భయము నిరాధారము కాదు. అయినను తనిఖీ నిబంధన మాత్రము మంచిదే యని నా యభిప్రాయము.

1994లో బెంగుళూరున నెలకొన్న జాతీయ మూల్యాంకన మండలి, అనగా న్యాక్, ఈ ప్రత్యక్షదర్శనమునే కొనసాగించినది. కళాశాల తన్ను గూర్చి తాను నివేదిక వ్రాసికొనును. ఆచార్యుల బృందము వచ్చి చూచును. 2017లో అంకెలకు ప్రాధాన్యము హెచ్చి, వాని సరిచూపు దూరమునుండియే జరుగసాగెను. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని యొక విద్యాసంస్థను చూడవచ్చిన బృందమువారిని లంచారోపణపై కేంద్ర దర్యాప్తు సంస్థ నిర్బంధించెను. అటుపిమ్మట కళాశాలల సందర్శనమును తెరపైననే జరుపుటకు మండలి పూనుకొనెను. 1904లో పత్రమును నమ్మక కంటిని పంపితిమి. ఇప్పుడు కంటిని నమ్మక తెరను పెట్టుచున్నాము.

దూరపరీక్ష సర్వత్ర వ్యర్థ మనుటకు వీలులేదు. అందుకు నిదర్శనము శ్రీహరికోటయందే కలదు. 1979 ఆగస్టు 10న అచ్చటినుండి ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు బంగాళాఖాతమున గూలెను. దానిని చేరి చూచుట ఎవ్వరికిని సాధ్యము కాదు. అయినను ఎగురుచు అది పంపిన సంకేతములు విచారణకు తోడ్పడెను. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆక్సీకరణ ద్రవము కారిపోవుటయే కారణమని తేలెను. 1980 జూలై 18 నాటి ప్రయోగము సఫలమైనది.

ఆ పరికరములను అమర్చినవారు సత్యమును తెలియగోరినవారు. రాకెట్టునకు దాచవలసిన దేమియు లేదు. కళాశాలలోనో, కెమెరా పరీక్షింపబడువాని చేతిలో నుండును. ఏ గదిని చూపవలెనో, ఏ విద్యార్థిని మాటాడింపవలెనో అతడే నిర్ణయించును. ఈ నిర్ణయము పరీక్షకుని చేతికి రావలెను. పుస్తకములు అరువిచ్చు పట్టికలో తాను కోరిన నెల పుటను అప్పటికప్పుడు తెరిపింపగలుగుట, అధ్యాపకులు లేని గదిలో తాను ఎంచుకొన్న విద్యార్థులతో మాటాడగలుగుట అతనికి ముందుగా సమకూర్పవలసిన సౌకర్యములు.