రాగిసుంకము: ద్రవ్యమా, ప్రయోజనమా?

కాకతి గణపతిదేవ మహారాజు శాలివాహనశకము 1166 క్రోధి సంవత్సరమున, అనఁగా క్రీ.శ. 1244-45లో, మోటుపల్లి రేవున వేయించిన యభయశాసనము ఆంధ్రచరిత్రాభిమానులకెల్ల సుపరిచితము. ఆ శాసనములోని దయాధర్మములను మనము తఱచుగాఁ గొనియాడుదుము. పాఠశాలలలో బాలురకు బోధింతుము. కాని యభయవాక్యముల వెంబడి నున్న సుంకపుఁ బట్టికను మాత్రము పొడి లెక్కయని దాఁటిపోవుట వాడుకయైనది. ఆ పట్టికలో నొక విచిత్రము గలదు. పన్నీరు, ఏనుఁగుదంతము, జవ్వాజి, కర్పూరతైలము, రాగి, తుత్తునాగము, సీసము, పట్టునూలు, పగడము, సుగంధద్రవ్యములు ఇవన్నియు నొక్క వర్గమునఁ జేర్పఁబడి, వానికెల్ల నొక్కటే సుంకము విధింపఁబడినది. పన్నీటికిని రాగికిని నేమి సంబంధము? జవ్వాజికిని సీసమునకును నేమి సాజాత్యము? ఇది లేఖకుని యజాగ్రత్తచేత నేర్పడిన కలగూరగంప యని కొందఱకుఁ దోఁపవచ్చును. అట్లు కాదనియు, ఈ వర్గీకరణమున నొక క్రమము గలదనియు, ఆ క్రమమును దెలిసికొనుటకు మన వ్యాకరణశాస్త్రమే మంచి సాధనమనియు నిరూపించుట యీ వ్యాసమునకు ఉద్దేశ్యము.

మొదట శాసనార్థమును సంగ్రహముగాఁ జెప్పెదను. పూర్వరాజులు, తుపానునకుఁ జిక్కి పగిలి తీరమునకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును బలాత్కారముగా హరించుచుండిరి. గణపతిదేవుఁడు, ప్రాణములకంటెను ధనమే గొప్పదని యెంచి సముద్రయానమునకుఁ దెగించిన వర్తకులయందు దయ దలఁచి, ఏర్పాటైన సుంకము దక్క తక్కిన సర్వమును విడిచిపెట్టెను. ఎగుమతి దిగుమతులు రెంటికిని ముప్పదింట నొకవంతు సుంకమని సామాన్యముగాఁ జెప్పి, పిమ్మట సరకులను బేర్కొని ప్రత్యేకముగా రేట్లు విధించెను. గంధపుఁజెక్కకుఁ దూనికను బట్టి, పట్టుబట్టలకు మూటను బట్టి, పోకలకు లక్షసంఖ్యను బట్టి, తక్కినవానిలోఁ బెక్కింటికి నాణెపు వెలను బట్టి సుంకము. రాగి యీ కడపటి తెగలోనిది.

శుల్కశబ్దము మన శాస్త్రములకుఁ గ్రొత్త గాదు. పాణిని పంచమాధ్యాయమున (5-1-47) వృద్ధి, ఆయము, లాభము, శుల్కము, ఉపద యను నైదింటిని వేఱువేఱుగాఁ బేర్కొని, ఇంత యీయఁబడును అను నర్థమునఁ బ్రత్యయమును విధించెను. వృద్ధి యనఁగా వడ్డి. ఉపద యనఁగా లంచము. ఈ రెంటినడుమ శుల్కమునకుఁ బ్రత్యేకస్థాన మిచ్చుటచేత, అది వడ్డియుఁ గాదు, లంచమును గాదు, రక్షణకుఁ బ్రతిగా రాజు గైకొను న్యాయమైన భాగమని స్ఫురించుచున్నది. చతుర్థాధ్యాయమున (4-3-75) ఆయస్థానములనుండి వచ్చిన దానికిఁ బ్రత్యయవిధి గలదు. సుంకపుసాలనుండి వచ్చినది శౌల్కశాలికమని కాశికావృత్తి యుదాహరణము. ఈ శుల్కశబ్దమే పాళిలో సుంకయై, మన భాషలో సుంకమై, సుంకరియను వృత్తినామమునకు మూలమైనది. సుంకము తప్పించుకొనఁదలఁచి రాత్రియెల్ల దొడ్డిదారులఁ దిరిగిన వర్తకుఁడు తెల్లవాఱునప్పటికి సుంకపుఁగుడిసెయొద్దనే తేలుట ఘట్టకుటీప్రభాతన్యాయమని మన పండితులు వాదములలో నుదాహరించునదే. సుంకరికిని వర్తకునకును గల పోరాట మెంత ప్రాచీనమో యీ న్యాయమే సాక్ష్యమిచ్చుచున్నది.

ఇఁక రాగి మాట. కౌటిలీయార్థశాస్త్రము ద్వితీయాధికరణమున శుల్కాధ్యక్షప్రకరణము, శుల్కవ్యవహారప్రకరణము నను రెండధ్యాయములు గలవు. దిగుమతి సరకునకు సామాన్యముగా వెలలో నైదవవంతు సుంకము. అటుపిమ్మటఁ బ్రత్యేకవర్గములు. నారబట్టలు, కవచములు, హరిదళము, మణిశిల, ఇంగిలీకము, లోహములు, చందనము, అగరు, చర్మము, దంతము మున్నగువానికిఁ బదవవంతు గాని పదునైదవవంతు గాని సుంకము. ప్రత్తి, నూలు, ఓషధులు, కఱ్ఱ, మట్టికుండలు, ధాన్యములు మున్నగు వానికి నిరువదవవంతు గాని యిరువదియైదవవంతు గాని. ఇచ్చట లోహశబ్దమునకు ఇనుము అని మాత్రమే యర్థము చెప్పుట పొరపాటు. అదే యధికరణమున లోహాధ్యక్షుని కార్యములను జెప్పుచు గ్రంథకర్త తామ్రమునే ముందుగాఁ బేర్కొని, సీసము, తగరము, ఇత్తడి, కంచు మున్నగువానిని దరువాతఁ జెప్పెను. కావున రాగి యీ లోహవర్గములోనిదే. చూడుఁడు: ఇచ్చటను లోహము, దంతము, చందనము ఒక్క వర్గమున నున్నవి. మోటుపల్లి పట్టికలోని సహవాసము ఆకస్మికము గాదని దీనివలననే కొంత తెలియుచున్నది.

అర్థశాస్త్రమున మఱి రెండు నియమములు గమనింపఁదగినవి. శస్త్రములు, కవచములు, లోహములు, రథములు, రత్నములు, ధాన్యము, పశువులు దేశమునుండి వెలికిఁ గొనిపోరాదు; కొనిపోయిన దండనయు సరకునష్టమును గలవు. వానినే వెలినుండి తెచ్చినయెడల నగరద్వారమునకు వెలుపలనే సుంకము లేక యమ్ముకొనవచ్చును. ఒక్క లోహమే ఒకచోట సుంకము చెల్లించు సరకు, ఒకచోట నిషిద్ధవస్తువు, ఒకచోట సుంకమే లేని వస్తువు. ఇది మొదటి నియమము. వివాహము, యజ్ఞము, దేవపూజ, చౌలము, ఉపనయనము మున్నగు క్రియలకై కొనిపోవు సరకునకు సుంకము లేదు. ఇది రెండవది. యజ్ఞమునకై పోవు రాగిపాత్ర సుంకమునుండి విముక్తము; అంగడికిఁ బోవు రాగిపాత్ర బద్ధము. ద్రవ్య మొక్కటే, ఆకృతియు నొక్కటే. ప్రయోజనము మాత్రము వేఱు. ప్రయోజనమును బట్టి సుంకమును నిర్ణయించుటకు మన వాఙ్మయమున నిది ప్రాచీనమైన యుదాహరణము.

వైయాకరణులకుఁ జిరపరిచితమైన వివాద మొకటి యిచ్చట స్మరింపఁదగియున్నది. శబ్దమున కర్థము ద్రవ్యమా, ఆకృతియా? ద్రవ్యమని వ్యాడి, ఆకృతియని వాజప్యాయనుఁడు. పతంజలి పస్పశాహ్నికమున బంగారమును దృష్టాంతముగాఁ దీసికొనెను. బంగారపుముద్దను గరఁచి యొక భూషణమును జేయుదురు. దానిని జెఱచి కడియములు చేయుదురు. వానిని జెఱచి వేఱొక నగ చేయుదురు. తుదకు మరల ముద్ద యగును. ఆకృతులు మాఱుచుండును, ద్రవ్యము నిలిచియుండునని యా దృష్టాంతము తాత్పర్యము. సుంకాధికారి యెదుట నీ ప్రశ్న శాస్త్రచర్చ గాదు, ధనవిషయము. బిందెను రాగియని యెంచవలెనా, బిందెయని యెంచవలెనా? ఉలిని లోహమని తూఁచవలెనా, పనిముట్టని లెక్కింపవలెనా? ఉత్తరమును బట్టి వర్తకుఁడు లాభపడును, లేదా నష్టపడును.

గణపతిదేవుని పట్టిక ద్రవ్యపక్షము నవలంబించినది. అందు రాగి యని గలదు. రాగిపాత్రలని గాని, రాగిరేకులని గాని, పనిముట్లని గాని లేదు. దీనికిఁ గారణము వాణిజ్యస్వరూపమున వెదకవలెను. సముద్రముమీఁద వచ్చు రాగి నాఁడు చాలవఱకుఁ గరఁగించుటకై వచ్చునది. క్రీ.శ. మొదటి శతాబ్దికిఁ జెందిన పెరిప్లసు అను గ్రీకునౌకాయానగ్రంథము, బరుకచ్ఛము (నేఁటి భరూచి), ముజిరిసు రేవులకు రాగి, తగరము, సీసము దిగుమతి యగుచుండెనని తెల్పుచున్నది. గణపతిదేవునికి నొక శతాబ్దికి ముందు, 1132 మొదలు 1149 వఱకు, అబ్రహాము బెన్ యీజు అను యూదవర్తకుఁడు పశ్చిమతీరమున నివసించి యొక కంచరికర్మశాల నడపెను. కైరోనగరపు యూదదేవాలయమున దొరికిన లేఖలవలన దెలియవచ్చున దేమనఁగా: ఏడెనునుండి యతని మిత్రులు పగిలిన పాతపాత్రలను, రాగిని తూఁచి పంపి, వానితోఁ దమకుఁ గావలసిన చెంబులు, పళ్లెరములు, దీపపుసెమ్మెలు చేయించి పంపుమని కోరుచుండిరి. పతంజలి చెప్పిన బంగారపుముద్ద కథయే యిచ్చట రాగికి సముద్రముమీఁద జరిగినది. ఈ సాక్ష్యములు పశ్చిమతీరమునకుఁ జెందినవి. మోటుపల్లి తూర్పుతీరమున నున్నది. అయినను లోహవాణిజ్యరీతిని దెలిసికొనుటకు నివి చాలును. మన తీరమునందే, 17వ శతాబ్దిలో డచ్చివారు జపానురాగిని దెచ్చి యమ్మిరి. అదియుఁ గరఁగించి పోఁతపోయుటకైన కడ్డీలరూపముననే వచ్చెను. పగిలిన చెంబునకును కడ్డీకిని భేదమెంచని పట్టిక యిట్టి వాణిజ్యమునకుఁ దగినది.

ఇఁక పన్నీటితోడి సహవాసము. ఈ వర్గమును గట్టినవారు వస్తువులజాతిని జూడలేదు, కొలతను జూచిరి. తూనికను బట్టి సుంకము గట్టినయెడల బరువెక్కువయై వెల తక్కువయగు రాగికిని, రవ్వంత తూనికలో నధికమైన వెలగల జవ్వాజికిని న్యాయము కుదురదు. రాగివర్తకుఁడు మునిఁగిపోవును, జవ్వాజివర్తకుఁడు నవ్వుకొనును. ఒక నాణెము వెలగల సరకునకు ఇంత యని నియమించిన, బరువు తేలికల భేదము తొలఁగి యుభయులకును భారము సమమగును. కావున నిది సమానజాతివర్గము గాదు, సమానభారవర్గము. గంధము, పోక, పట్టుమూటలు తమతమ తూనికకు, లెక్కకు, కట్టునకు లొంగినవి కావున వానిని వేఱుగాఁ జెప్పిరి. ముప్పదింట నొకవంతు అను మొదటివిధి యుత్సర్గము. పేర్కొనిన సరకుల రేట్లపవాదములని నాకుఁ దోఁచుచున్నది. సూత్రకారుఁడు సామాన్యవిధిని ముందు చెప్పి విశేషవిధిచేత దానిని బాధించినట్లే శాసనకర్తయుఁ జేసెను.

వెలను బట్టి సుంకము గట్టుటలో నొక యపాయము గలదు: వర్తకుఁడు వెలను దగ్గించి చెప్పవచ్చును. కౌటిల్యుఁ డిది యెఱుఁగును. సుంకభయమున సరకు పరిమాణమును గాని వెలను గాని తక్కువగాఁ జెప్పినయెడల, మిగిలిన సరకును రాజు హరింపవలెను, లేదా యెనిమిదింతల సుంకము గొనవలెను. మేలైన సరకును నాసిసరకుక్రిందఁ గప్పి తెచ్చినను నదే శిక్ష. పేరు మార్చి సుంకము తప్పించుకొను విద్య యీనాఁటిది గాదు.

అచ్చులను గూర్చి యొకమాట. మైనపుప్రతిమకు మట్టి పూసి, కాల్చి, మైనమును గరఁగించి తీసి, లోహము పోయు విధానమును చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసము (12వ శతాబ్ది) వర్ణించినది. అందు అచ్చు మట్టిది; పోఁత ముగియఁగానే పగులఁగొట్టఁబడును. అట్టిది యోడ యెక్కదు, సుంకపుసాలకు రాదు. కావుననే ప్రాచీనులకు అచ్చునకై వేఱు వర్గము గావలసివచ్చినది కాదు. నేఁటి స్థితి వేఱు. ఉక్కును ఎడతెగక పోఁతపోయు యంత్రములలో నీటిచేఁ జల్లార్పఁబడు రాగియచ్చులే వాడుదురు. వేడిమిని శీఘ్రముగాఁ గొనిపోవు గుణము రాగికి విశేషముగాఁ గలదు. ఇనుపసుత్తి తగిలిన నిప్పురవ్వ లెగయు నపాయముగల తావులలో రాగిమిశ్రలోహపు సుత్తులు, ఉలులు వాడుదురు. ఇవి దేశదేశములకుఁ బోవు సరకులు.

1988 మొదలు ప్రపంచమునఁ బెక్కుదేశములు, భారతదేశమును, సరకులవర్గీకరణమునకు నొక్కటే పద్ధతిని బాటించుచున్నవి. అందు 74వ యధ్యాయము రాగికిని రాగివస్తువులకును, 82వది పనిముట్లకును, 84వది యంత్రములకును జెందినవి. రాగికడ్డీ 74వ యధ్యాయమునఁ జేరును. ఆ రాగితోనే చేసిన చేతిపనిముట్టు 82వ యధ్యాయమునకుఁ బోవును. లోహపుఁబోఁతకైన అచ్చు 84వ యధ్యాయమునఁ జేరును. ఇచ్చట ద్రవ్యపక్షము వెనుకఁబడినది. కారకపక్షము ముందునకు వచ్చినది. క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించునది కరణమని పాణిని నిర్వచనము. అచ్చు పోఁతయను క్రియకుఁ గరణము. సుత్తి కొట్టుటకుఁ గరణము. కరణత్వము సిద్ధించినపిమ్మట దాని ద్రవ్యము గౌణమగుచున్నది. అచ్చు అరిగి పగిలి తుక్కై మరల నోడ యెక్కినచోఁ గరణత్వము తొలఁగును. అపుడు తుక్కురాగిగా 74వ యధ్యాయమునకే తిరిగివచ్చును. ఒక్క లోహపుముద్దయే మూఁడవస్థలలో మూఁడు పేళ్లతో సుంకపుసాలను దాఁటుచున్నది. పతంజలి దృష్టాంతమును సుంకాధికారులు తెలియకయే యనువదించుచున్నారు.

ఇంతవఱకుఁ జేసిన విచారమువలన సిద్ధించిన దేమనఁగా: కౌటిలీయమున ద్రవ్యమే ప్రధానమైనను, యజ్ఞవివాహాదులయందుఁ బ్రయోజనమును బట్టి విముక్తి గలదు, మోటుపల్లి పట్టిక వాణిజ్యానుగుణముగా ద్రవ్యమును, న్యాయానుగుణముగా వెలను గ్రహించినది, నేఁటి పద్ధతి ప్రయోజనమునకుఁ బ్రాధాన్య మిచ్చినది. మూఁటియందును ప్రశ్న యొక్కటే, ఉత్తరములు వేఱు. కావున శాసనములలోని సుంకపుఁబట్టికలను సంపాదకులు వస్తువులజాబితా యని విడువక, ఏ వస్తువు దేనితోఁ జేరినది, ఏ కొలతచేఁ గొలువఁబడినది యని పరిశీలింపవలెను. మోటుపల్లి శాసనమును బోధించు నుపాధ్యాయులు అభయవాక్యములతో నిలువక పట్టికను గూడఁ జదివించుట మేలు. ఓడ పగిలినను సరకు పోదను మాట వర్తకునకు సగమభయము. ఏ సరకునకు ఏ పేరు, ఏ కొలత, ఎంత సుంకము అని రాతిపై ముందుగాఁ జెక్కించి, సుంకరి యిష్టమునకుఁ జోటు లేకుండఁ జేయుట తక్కిన సగము. దయ శాసనపు మొదటిభాగమున నున్నది. దానిని నిలిపిన న్యాయము పట్టికలో నున్నది.